జడ బారెడు.. జిడ్డు అంతకు మించి! టీనేజ్ అమ్మాయిల ఒత్తు జుట్టుకి నూనె ఎంత? తలస్నానం ఎన్నిసార్లు?

ఉదయం ఆరున్నర. స్కూల్ బస్సు ఏడుంబావుకి. చేతిలో దువ్వెన, నోట్లో రిబ్బన్‌తో అమ్మ. ముందు కూర్చుని "అబ్బా.. మెల్లగా" అంటూ తొమ్మిదో తరగతి కూతురు. మొన్న ఆదివారం తలంటుకున్న జుట్టు మంగళవారానికే మాడుకి అతుక్కుపోయింది. "నూనె వద్దమ్మా, ఇప్పటికే జిడ్డుగా ఉంది" అని కూతురు. "నూనె లేకుండా జడ ఎలా కుదురుతుందే? రేగిపోతుంది" అని అమ్మ. రెండు జడలు తప్పనిసరి అనే స్కూళ్లున్నంత కాలం చాలా ఇళ్లలో రోజూ నడిచే పంచాయితీ ఇది. చివరికి పదో తరగతి అయిపోయి ఇంటర్ హాస్టల్‌లో వేసే టైమ్‌కి "అక్కడ దీన్ని ఎవరు చూస్తారు" అంటూ నడుము దాటిన జడ కాస్తా భుజాల దాకా కత్తిరించేస్తారు. పిల్లకి ఇష్టమైతే సరే. ఇష్టం లేకుండా కత్తిరిస్తేనే బాధ.

నిజానికి ఈ గొడవలో ఇద్దరిదీ కరెక్టే. ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నది ఒకే జుట్టులోని రెండు వేర్వేరు చోట్ల గురించి.

మాడు మీద ప్రతి వెంట్రుక కుదురు పక్కనా చిన్న నూనె గ్రంథి ఉంటుంది. అందులోంచి వచ్చే జిడ్డునే డాక్టర్లు సీబమ్ అంటారు. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరగడంతో ఈ గ్రంథులు ఒక్కసారిగా జోరందుకుంటాయి. ముఖం మీద మొటిమలు, మాడు మీద జిడ్డు.. రెండింటి మూలం ఒకటే. అంటే పిల్ల శుభ్రంగా ఉండట్లేదని కాదు. ఆ వయసు అలాంటిది. ఏడేళ్లప్పుడు వారానికి ఒకసారి తలంటితే సరిపోయిన జుట్టే పద్నాలుగేళ్లకి రెండో రోజుకే జిడ్డెక్కుతుంది.

ఇక చివర్ల సంగతి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 70 సెంటీమీటర్ల జడ అంటే దాని కొస వయసు దాదాపు ఆరేళ్లు. తొమ్మిదో తరగతి అమ్మాయి జడ కొస, ఆమె మూడో తరగతిలో ఉన్నప్పుడు మొలిచిందన్నమాట! ఆరేళ్లుగా ఎండ, దుమ్ము, దువ్వెన, రిబ్బన్ ముడులు అన్నీ భరించింది. మాడు దగ్గర పుట్టే జిడ్డు అంత దూరం సరిగా చేరదు. అందుకే కుదుళ్ల దగ్గర జిడ్డు, కొసల దగ్గర పీచు. పరిష్కారం కూడా ఇందులోనే ఉంది. షాంపూ పైన, నూనె కింద. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా రివర్స్. గిన్నెడు నూనె మాడు మీద పోసి, కొసలకి చేతికి మిగిలింది రాస్తాం.

అలాగని నూనెని విలన్ చేయాల్సిన పనిలేదు. కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్.. ఈ మూడింటినీ పోల్చి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జుట్టులోని ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించింది కొబ్బరి నూనే అని తేలింది. అయితే ఆ లాభం వెంట్రుకకి. ఇప్పటికే జిడ్డు కారుతున్న మాడుకి కాదు. తలస్నానానికి ఓ గంట ముందు చెవుల కింది నుంచి కొసల దాకా పట్టించి కడిగేస్తే చాలు. రాత్రంతా తల తడిసేలా రాసి పడుకుంటే ఆ నూనె దిండు గలీబుకి, అక్కడి నుంచి నుదుటికి చేరుతుంది. నుదురు అంచున వరసగా వచ్చే చిన్న చిన్న మొటిమలు చాలాసార్లు ఈ నూనె చలవే. ఫేస్‌వాష్‌లు మార్చే ముందు గలీబు మార్చి చూడటం మంచిది.

మరి తలస్నానం ఎన్నిసార్లు? "ఎక్కువసార్లు తలంటితే ఇంకా జిడ్డు వస్తుంది, జుట్టు ఊడిపోతుంది" అనేది అమ్మమ్మల కాలం నాటి మాట. జిడ్డు ఎంత రావాలో నిర్ణయించేది లోపలి హార్మోన్లు. షాంపూ వాడినందుకు గ్రంథి అదనంగా పనిచేయదు. తలంటిన రోజు బాత్రూమ్‌లో గుప్పెడు వెంట్రుకలు కనిపిస్తే కంగారు పడొద్దు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. నాలుగు రోజులుగా జడలో చిక్కుకున్నవన్నీ ఆ రోజు ఒకేసారి బయటపడతాయి. జిడ్డు మాడు ఉన్న పిల్లలకి వారానికి రెండు మూడు తలస్నానాలు అవసరం. ఆదివారంతో పాటు బుధవారం కూడా చేర్చినా తేడా తెలుస్తుంది.

ఒత్తు జుట్టుతో అసలు కష్టం షాంపూ మాడు దాకా చేరకపోవడం. పైపైన నురగ వస్తుంది, లోపల జిడ్డు అలాగే ఉంటుంది. మగ్గులో కాసిని నీళ్లు పోసి షాంపూ కలిపి, జుట్టుని నాలుగు పాయలుగా విడదీసి, పాపిడి పాపిడికీ పోస్తూ వేళ్ల కొసలతో రుద్దాలి. గోళ్లతో గీకకూడదు. ఒకసారి కడిగాక రెండోసారి కూడా పెట్టాలి. మొదటిసారి నురగ రాకపోతే షాంపూ బాలేదని కాదు, జిడ్డు ఎక్కువుందని. కొసలకి విడిగా షాంపూ అక్కర్లేదు, పైనుంచి జారే నురగ చాలు. చెవుల కింది భాగానికి కండీషనర్ రాసి, అది ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీస్తే సగం ఏడుపులు తగ్గుతాయి. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉండే ఊళ్లలో ఆఖరి రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుంటే జుట్టు అంత బరకగా అనిపించదు.

కుంకుడుకాయలు వాడే ఇళ్లూ ఇంకా ఉన్నాయి. బాగానే శుభ్రం చేస్తాయి. కాకపోతే రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టాల్సిందే. శీకాయ పొడి, సున్నిపిండి లాంటివి ఒత్తు జుట్టులో ఇసుకలా ఇరుక్కుపోతాయి. వాటిని కడగడానికి పట్టే టైమ్‌లో రెండు తలస్నానాలు అయిపోతాయి.

ఆరబెట్టడం ఇంకో పెద్ద పని. ఇంత జుట్టు ఆరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. తెల్లవారుజామున తలంటి తడిగానే జడలు వేసి పంపితే మధ్యాహ్నానికి ముక్కిన వాసన. ఆ వాసన గురించి క్లాసులో ఎవరో ఒక మాట అంటారు, పిల్ల దాన్ని ఏడాది పాటు మర్చిపోదు. స్కూల్ నుంచి రాగానే సాయంత్రం తలంటుకుని, పాత కాటన్ చీర ముక్కతో ఒత్తి, ఫ్యాన్ కింద హోంవర్క్ చేసుకుంటే పడుకునే వేళకి ఆరిపోతుంది. "సాయంత్రం తలస్నానమా" అని పెద్దవాళ్లు అభ్యంతర పెడితే ఆ రాజీ ఇంట్లోనే కుదుర్చుకోవాలి!

చుండ్రు ఉంటే మాత్రం నూనెతో కప్పిపుచ్చొద్దు. నూనె రాయగానే పొట్టు రాలడం ఆగినట్టు కనిపిస్తుంది. నిజానికి అది మాడుకి అతుక్కుంటుంది, అంతే. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్‌కి ఆహారమే ఆ జిడ్డు. డాక్టర్‌ని అడిగి కీటోకోనజోల్ షాంపూ వాడితే, దాన్ని మాడుపై మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. పేలు వేరే సమస్య. అవి మురికి వల్ల రావు, తలకి తల తగిలితే వస్తాయి. తడి జుట్టుకి కండీషనర్ రాసి పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు దువ్వాలి.

జడల బిగువు కూడా గమనించాలి. "సాయంత్రం దాకా చెదరకూడదు" అని లాగి లాగి అల్లితే నుదుటి అంచున, పాపిడి పక్కన జుట్టు పల్చబడుతుంది. దీర్ఘకాలం అలాగే కొనసాగితే తిరిగి రాకపోవచ్చు కూడా. జడ వేశాక కనుబొమ్మలు పైకి లాగినట్టుంటే విప్పి మళ్లీ వదులుగా వేయాల్సిందే.

కొన్ని లక్షణాలకి మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జిడ్డుతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే పీసీఓఎస్ ఏమో చూపించుకోవాలి. జుట్టు విపరీతంగా రాలుతూ, పిల్ల నీరసంగా కూడా ఉంటే రక్త పరీక్ష చేయించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ లోపానికి ఏ నూనే మందు కాదు.

ఇక హాస్టల్ సంగతి. జూన్‌లో పంపాలనుకుంటే ఏప్రిల్ నుంచే తలస్నానం, చిక్కు తీసుకోవడం, జడ వేసుకోవడం పిల్ల చేతికి అప్పగించాలి. మొదట గంటన్నర పడుతుంది. చేతులు నొప్పి అంటుంది, పాపిడి వంకర పోతుంది. సెలవులు అయ్యేసరికి నలభై నిమిషాలకి వస్తుంది. వెనక రెండు పాయలు కుదరకపోతే ఒకే జడ వదులుగా పక్కకి వేసుకోవడం నేర్పితే చాలు. బ్యాగులో షాంపూ, కండీషనర్, పెద్ద పళ్ల దువ్వెన, రెండు గలీబులు, ఒక పాత కాటన్ గుడ్డ వేస్తే సరిపోతుంది. ఇంత చేశాక కూడా "నాకు బరువుగా ఉంది, కత్తిరించుకుంటా" అంటే కత్తిరించడమే. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పి పంపాలి. పొట్టిగా కత్తిరిస్తే ఆరే టైమ్ తగ్గుతుంది, చిక్కు తగ్గుతుంది. జిడ్డు మాత్రం తగ్గదు. అది వచ్చేది మాడు నుంచి కాబట్టి బుధవారం తలస్నానం తప్పదు.