సూదిలో దారం ఎక్కని వయసు

పోచంపల్లిలో చిటికి కట్టే పనికి, అంటే రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేసే పనికి, వేళ్లెంత ముఖ్యమో కళ్లూ అంతే. గీతలు పెట్టిన నూలు మీద ముడి ఎక్కడ పడాలో అక్కడే పడాలి. కాస్త జరిగినా, రంగు అద్ది నేశాక చీర మీద పువ్వు అంచు చెదిరిపోతుంది. నరసాపురం చుట్టుపక్కల ఇళ్ల అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్లదీ ఇలాంటి పనే. తెల్లదారంలో తెల్లకన్నాలు లెక్కపెట్టుకుంటూ సూది తిప్పాలి. ఏళ్ల తరబడి చేసి చెయ్యి తిరిగాక, నాలుగు డబ్బులు ఎక్కువ కళ్లజూడాల్సిన నలభై అయిదేళ్ల వయసులో వీళ్లకు దారం మసకబారుతుంది. ‘ఇంక నా వల్ల కాదులే’ అని సన్నపని వదిలేసి, కూలి తక్కువైనా ముతకపనికి మారిపోయేవాళ్లున్నారు. సంపాదించుకున్న నేర్పు ఒంట్లో అలాగే ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి ఒక జత కళ్లద్దాలు కరువవుతాయి.

ఇలా దగ్గరి చూపు మందగించే చత్వారం జబ్బు కాదు, ఎవరినీ వదలదు కూడా. కంటిలోని కటకం చుట్టూ ఉంగరంలాంటి చిన్న కండరం ఉంటుంది. కటకాన్ని దానికి కలుపుతూ సన్నని తంతువులుంటాయి. దూరంగా చూసేటప్పుడు కండరం వదులుగా ఉంటుంది, తంతువులు బిగిసి కటకాన్ని పలచగా లాగి ఉంచుతాయి. దగ్గరి వస్తువును చూడాలంటే కండరం బిగుస్తుంది. ఉంగరం చిన్నదవుతుంది, తంతువులు సడలుతాయి, కటకం ఉబ్బుతుంది. రోజుకు వేలసార్లు మనకు తెలియకుండానే జరిగే సర్దుబాటు ఇది.

ఇందులో మారేది కంటి ముందున్న పారదర్శక పొర కాదని 1801లో థామస్ యంగ్ తన కళ్ల మీదే ప్రయోగం చేసి చూపించారు. ఆ పొరకు నీళ్లు ఆనించి దాని శక్తి పనిచేయకుండా చేసినా, చూపు దగ్గరికీ దూరానికీ మారగలుగుతూనే ఉంది. కండరం, తంతువుల సంగతిని 1855లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించారు.

ఈ కటకం పుట్టినప్పటి నుంచీ పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతూనే ఉంటుంది, మెల్లమెల్లగా గట్టిపడుతుంది. పదేళ్ల పిల్లలు కంటికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్ని కూడా చదవగలరు. నలభై దాటేసరికి కండరం ఎంత బిగిసినా కటకం సరిగా ఉబ్బదు. అప్పుడు పేపరు చేతికొస దాకా వెళ్తుంది, మాత్రల పట్టీ మీద గడువు తేదీ చదవడానికి మనవరాలిని పిలవాల్సి వస్తుంది. అద్దాలు అలవాటు చేసుకుంటే చూపు ఇంకా పాడవుతుందని చాలామంది భయపడుతుంటారు. పెట్టుకున్నా మానినా కటకం గట్టిపడే తీరు మారదు. మానితే ఆ ఏళ్లలో పని పోతుంది, అంతే తేడా.

ఆ పని విలువ ఎంతో లెక్కగట్టినవాళ్లున్నారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది మీద జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. సగం మందికి వెంటనే దగ్గరి చూపు అద్దాలిచ్చారు, మిగతావాళ్లకు అధ్యయనం ముగిశాక ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు రోజుకు కోసే ఆకు సుమారు 25 కిలోల నుంచి 35 కిలోల దగ్గరికి చేరింది. రెండో జట్టు కోతా కొంత పెరిగింది కానీ, రెండు జట్ల పెరుగుదలలో తేడా దాదాపు 22 శాతం. ఆకు కోతను ఎవరూ అద్దాలు కావాల్సిన పనిగా అనుకోరు. అక్కడే ఇంత తేడా ఉంటే చిటికి కట్టేచోట, లేసు అల్లేచోట ఎంత ఉంటుందో! బంగ్లాదేశ్ పల్లెల్లో 35 నుంచి 65 ఏళ్లవాళ్ల మీద చేసిన మరో అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. అద్దాలు అందినవాళ్ల నెల రాబడి, అందనివాళ్ల కంటే మూడో వంతు ఎక్కువగా తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం, దగ్గరి చూపుకు సరైన అద్దాలు లేకుండా నెట్టుకొస్తున్నవాళ్లు 82 కోట్లకు పైనే. దీన్ని మందుతో సరిదిద్దే ప్రయత్నాలూ ఉన్నాయి. కనుపాపను చిన్నది చేసి కొన్ని గంటలు చూపు తెప్పించే చుక్కలకు 2021లో అమెరికా అనుమతిచ్చింది. మన దగ్గర 2024లో అలాంటి చుక్కల మీద హద్దు మీరిన ప్రచారం జరగడంతో ఇచ్చిన అనుమతిని నిలిపేశారు. పల్లెలో పనిచేసుకునే మనిషికి ఇప్పటికీ నమ్మదగ్గ సాధనం అద్దాల జతే.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో చేసింది చిన్నదేమీ కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మం నుంచి రెండో విడత సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అనంతపురం నుంచి ఈ పేరుతోనే కార్యక్రమం మొదలైంది. చదువుకునే అద్దాలు చాలామందికి శిబిరంలోనే చేతికందాయి. అయితే శిబిరం వచ్చి వెళ్లిపోతుంది, కటకం గట్టిపడటం ఆగదు. నలభై మూడేళ్లకు సరిపోయిన పవరు యాభైకి చాలదు. మధ్యలో అద్దం పగులుతుంది, కాడ విరుగుతుంది. అందుకే నడిచి వెళ్లగలిగే దూరంలో ఏడాది పొడవునా తెరిచి ఉండే చోటు కావాలి.

అలాంటి నమూనా మన దగ్గరే ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ, సుమారు యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున దృష్టి కేంద్రాలు పెడుతూ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులకు శిక్షణ ఇచ్చి అక్కడ నియమిస్తుంది. వాళ్లు పవరు చూస్తారు, అద్దాలిస్తారు, నీటికాసుల (గ్లాకోమా) అనుమానముంటే పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఈ చివరిపని సంతలో తీసుకున్న రెడీమేడ్ అద్దాలతో జరగదు. ఆ అద్దాలతో అక్షరాలు కనిపించవచ్చు, లోపల నరం దెబ్బతింటున్న సంగతి మాత్రం తెలియదు. ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అనుబంధంగా ఇలాంటి గది ఒకటి తెరవడం ప్రభుత్వాలకు మోయలేని భారం కాదు.

పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒక మాట. దగ్గరి చూపంటే అందరికీ ఒకే దూరం కాదు. పేపరు చదివేది దాదాపు 40 సెంటీమీటర్ల దూరంలో, మగ్గం మీద అచ్చు చాలామందికి అంతకంటే ఎడంగా ఉంటుంది, లేసు ఒళ్లోనే ఉంటుంది. అక్షరాల అట్ట చదివేసి వచ్చేయకండి. మీ సూదీ దారం, మీ నూలు వెంట తీసుకెళ్లండి. పనిచేసేటప్పుడు ఎంత దూరంలో పట్టుకుంటారో అంత దూరంలో పట్టుకుని, పోగు విడివిడిగా కనిపించే వరకూ అద్దాలు మార్చి చూడమని అడగండి.