గాజుతొట్టికి ఎంత వెన్నెల కావాలి?

గుంటూరులో మే నెల ఎండ కొన్ని ఏళ్లలో 45 డిగ్రీలు దాటుతుంది. సముద్రపు పగడాలకేమో నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటేనే హాయి. 30 దాటి కొన్నాళ్లు నిలిచిందంటే, ఒంట్లో కాపురముండే నాచును బయటికి వదిలేసి తెల్లగా పాలిపోతాయి. ఇలాంటి ఊళ్లో హాలులో తొట్టి పెట్టి పగడాలు పెంచాలన్న సరదా ఒకప్పుడు చేతులు కాల్చుకునే సరదా. 250 వాట్ల మెటల్ హలైడ్ బల్బు నీళ్లను కాచేది, ఆ వేడిని తోడడానికి చిల్లర్ తిప్పాలి, చిల్లర్ కక్కిన వేడికి గదిలో ఏసీ వెయ్యాలి. ఆ బల్బును తొట్టి మీది నుంచి దించింది నీలి ఎల్‌ఈడీ.

ఎరుపు ఎల్‌ఈడీని 1962లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ వెలిగించాడు. నీలం దగ్గర మాత్రం బండి ముప్పై ఏళ్లు ఆగిపోయింది. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్ ఒక మెట్టు కిందికి దిగినప్పుడు పోగొట్టుకున్న శక్తే కాంతిగా బయటపడుతుంది. నీలం రావాలంటే మెట్టు ఎత్తుగా ఉండాలి. అంత ఎత్తున్నది గాలియం నైట్రైడ్ అని తెలుసు, దాన్ని మంచి స్ఫటికంగా పెంచడమే ఎవరికీ చేతకాలేదు. సఫైర్ పలక మీద పెంచితే రెండింటి పరమాణువుల వరస కుదరక పగుళ్లు వచ్చేవి. అది చాలదన్నట్టు, ఎల్‌ఈడీకి తప్పనిసరైన పి-రకం పొర, అంటే ఎలక్ట్రాన్ల కొరత ఉన్న పొర, ఎంతకీ తయారయ్యేది కాదు.

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో 1986లో సఫైర్ మీద ముందుగా పల్చటి అల్యూమినియం నైట్రైడ్ పూత వేసి పగుళ్ల బెడద తగ్గించారు. 1989లో, మెగ్నీషియం కలిపిన స్ఫటికం ఎలక్ట్రాన్ కిరణం తగిలితే పి-రకంగా మారుతోందని కనిపెట్టారు. అలా ఎందుకు మారుతోందో తేలింది ఆ దేశంలోనే అనాన్ అనే చిన్న ఊళ్లో, నిచియా అనే కంపెనీలో. అక్కడి ఉద్యోగి షుజి నకమురా, స్ఫటికం పెరిగేటప్పుడు చొరబడిన హైడ్రోజన్ మెగ్నీషియాన్ని అంటిపెట్టుకుని పని చెయ్యనివ్వడం లేదని గ్రహించాడు. నైట్రోజన్ వాయువులో కాస్త కాలిస్తే హైడ్రోజన్ లేచిపోయింది. కిరణాలూ అక్కర్లేదు, ఆర్భాటమూ అక్కర్లేదు. స్ఫటికం పెంచే కొలిమిని కూడా ఆయనే తన చేత్తో మార్చుకున్నాడు: ఒక వాయుధార పక్క నుంచి, రెండోది పై నుంచి అదిమిపెట్టేలా. 1993 నవంబరులో నిచియా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని ప్రకటించింది. కంపెనీ ఆయనకిచ్చిన బహుమానం 20 వేల యెన్లు. కోర్టుకెక్కితే చివరికి 2005లో దాదాపు 84 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. ముగ్గురికీ నోబెల్ 2014లో వచ్చింది.

అదే 2014లో పాత బల్బు తెచ్చిస్తే పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బు ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ముందుగా అందుకున్న జిల్లాల్లో గుంటూరు ఒకటి. తెల్లగా వెలిగే ఆ బల్బులోనూ ఉన్నది నీలి చిప్పే. పైన పూసిన పసుపు పొడి దాని కాంతిలో కొంత మింగి పసుపుగా వదిలితే, రెండూ కలిసి మన కంటికి తెలుపవుతాయి.

పత్తి చేలోకి కూడా ఈ దీపం వెళ్లింది. ఒకప్పుడు గట్టు మీద లాంతరు వేలాడదీసి, కింద పళ్లెంలో కిరసనాయిలు కలిపిన నీళ్లు పెట్టేవారు. ఇప్పుడు సౌర పలకతో నడిచే దీపపు ఎరలో నీలం, అతినీలలోహిత కిరణాలు వదిలే ఎల్‌ఈడీలు ఉంటాయి. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల రెక్కల పురుగులు దాని చుట్టూ గింగిరాలు కొట్టి పళ్లెంలో పడతాయి. అవి దీపాన్ని మోహించి రావడం లేదని 2024లో శామ్ ఫేబియన్, యశ్ సోంధీ బృందం హైస్పీడు కెమెరాలతో చూపించింది. ఎగిరే పురుగుకు వెలుతురున్న వైపు ఆకాశం. వీపు అటు తిప్పి ఎగరడం దాని అలవాటు. దీపం పక్కనుంటే వీపు పక్కకు తిరుగుతుంది, దారి వంకరపోతుంది, చిక్కుపడిపోతుంది. పున్నమి రాత్రుల్లో ఎరలో పడే పురుగు తగ్గిపోవడం ఎర పెట్టిన చాలాచోట్ల కనిపించేదే. వెన్నెల ముందు దీపం వెలవెలబోతుంది.

పగడపు తొట్టిలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ దీపం ముందు వెన్నెల ఓడిపోతోంది.

నిండు పున్నమి వెలుగు పావు లక్స్ దరిదాపులో ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. అంటే వెన్నెల ఎండలో నాలుగు లక్షలవ వంతు. 'మూన్‌లైట్' అని రాసి అమ్మే ఒక్క వాట్ నీలి చిప్పును మీటరు పొడవు తొట్టి మీద పూర్తిగా వెలిగిస్తే, లోపల ఒకేసారి పదుల పున్నములు కాస్తాయి. పైగా వెన్నెల నీలంగా ఉండదు. అది చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే, ఎండకన్నా రవ్వంత ఎరుపు కూడా. మసక వెలుగులో మన కన్ను నీలం వైపు మొగ్గడం వల్ల అలా అనిపిస్తుంది. లోతు నీళ్లు ఎరుపును మింగి నీలాన్నే మిగులుస్తాయి కాబట్టి నీలి దీపం పూర్తిగా తప్పని అనను. తప్పంతా మోతాదులో ఉంది.

మోతాదు గురించి పగడానికి ఎందుకంత పట్టింపు? దానికి కళ్లు లేవు గానీ, నీలి కాంతిని పసిగట్టే క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్లున్నాయి. వెన్నెలతో పాటు ఆ జన్యువుల పని మారుతుందని 2007లో ఆస్ట్రేలియా పగడాల మీద చేసిన పరిశోధన చూపించింది. అక్కడి మహా పగడపు దిబ్బల్లో ఏటా పున్నమి వెళ్లిన నాలుగైదు రాత్రులకు లక్షల పగడాలు ఒక్కసారిగా అండాలు, బీజాలు నీళ్లలోకి వదులుతాయి. సూచన ఇచ్చేది వెన్నెల కాదు, చీకటి అని 2021లో తైవాన్ పగడాలతో తేల్చారు. బహుళ పాడ్యమి నుంచి చంద్రుడు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కదా, పొద్దు గుంకాక అతను వచ్చేదాకా ఉండే చీకటి ఘడియలే వాటికి గడియారం. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ఎల్‌ఈడీలతో ఈ చంద్రోదయాలను, నీళ్ల వేడిని సముద్రం లెక్కన నడిపించి, తొట్టిలోనే పగడాలు పిల్లల్ని కనేలా చేసింది.

కాబట్టి రాత్రి దీపం కొనేముందు అది ఎవరి కోసమో తేల్చుకోవాలి. 450 నానోమీటర్ల నీలి కాంతిలో పగడాలు ఆకుపచ్చగా, నారింజగా మెరుస్తాయి. ఆ అందం మన కోసం, భోజనాలయ్యేదాకా గంటో రెండు గంటలో చూసి ఆర్పెయ్యొచ్చు. ఆర్పిన కాసేపటికి మసక టార్చితో చూడండి: చాలా పగడాల్లో పగలంతా ముడుచుకున్న పాలిప్‌ల, అంటే పగడాన్ని కట్టే చిన్న జీవుల, వేళ్లు సాగి, నీళ్లలో తేలే నలుసుల కోసం వెతుకుతుంటాయి. నీలి దీపం తెల్లవార్లూ వెలిగే తొట్టిలో ఈ వేట సరిగా సాగదు. వెన్నెల తప్పదనుకుంటే, ఒక శాతానికన్నా కిందికి మసకబార్చగలిగి, పంచాంగం ప్రకారం పెరుగుతూ తరుగుతూ, అమావాస్యకు పూర్తిగా ఆరిపోయే కంట్రోలర్ ఉన్నది తీసుకోవాలి. ఆ సదుపాయం లేకపోతే దీపమే వద్దు, చీకటే మేలు.

రాత్రి నిక్కంగా వెలగాల్సిన దీపం ఒకటుంది, తొట్టి కింద నీళ్లను శుద్ధి చేసే సంపులో. అక్కడ నాచు పెంచి, పైన ఆరిన వేళ కింద వెలిగిస్తే, రాత్రి పేరుకునే కార్బన్ డయాక్సైడును నాచు తినేసి నీళ్ల పీహెచ్ పడిపోకుండా కాస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టర్‌ను దీపానికి కాదు, పంపుకు కలపాలి. చీకటి పగడాన్ని చంపదు, కదలని నీళ్లు చంపుతాయి. ఇంకో మాట, రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంగట్లో ఎవరు చూపించినా వాటి జోలికి పోకూడదు.

తొట్టి ఎదురుగా కిటికీ ఉండి, వీధిలో ఎల్‌ఈడీ స్తంభం ఉంటే, దళసరి తెర ఒకటి కొనండి. అది అన్ని మూన్‌లైట్లకన్నా చవక.