మీకు తెలుసా? బయటి మ్యాపులకూ యాప్‌లో చోటుంది

సిగ్నల్ లేనిచోట కూడా దారి చూపే ఓస్మాండ్ యాప్ తన జాబితాలోని మ్యాపులతోనే సరిపెట్టుకోదు. వేరేచోట తయారైనవాటినీ రానిస్తుంది. కాకపోతే ఫైలు ఏ రకమో చూసుకోవాలి.

ఓబీఎఫ్ ఫైలైతే రోడ్లు, ఊళ్లు, వాగులు అన్నీ విడివిడి వివరాలుగా ఉంటాయి. అందుకే అందులో పేరు వెతకొచ్చు, దారీ అడగొచ్చు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని ఓస్మాండ్ మ్యాప్‌క్రియేటర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మన కంప్యూటర్లోనే ఓబీఎఫ్‌గా మార్చుకోవచ్చు.

స్కాన్ చేసిన పాత మ్యాపో, ఉపగ్రహ చిత్రమో అయితే కథ వేరు. అది వట్టి బొమ్మ. దాన్ని సాధారణంగా 256 పిక్సెళ్ల చదరపు ముక్కలుగా కోసి, ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్లో పేర్చి ఇస్తారు. జూమ్ ఒక మెట్టు పెరిగితే ముక్కలు నాలుగింతలు: 10వ మెట్టుకే ప్రపంచం మొత్తానికి 10,48,576! జిల్లా అంతటినీ గరిష్ఠ జూమ్‌లో దించుకోవాలనుకునేవాళ్లు ముందు ఫోన్ మెమొరీ ఎంతుందో చూసుకోవడం మేలు. ఈ బొమ్మను అసలు మ్యాపు మీద పరిచి పారదర్శకత స్లైడర్ జరుపుతుంటే, పాత బండిబాట కింద నుంచి కొత్త రోడ్డు మెల్లగా తేలుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, ఎక్కడ మలుపు తిరగాలో చెప్పే పని మాత్రం ఓబీఎఫ్‌దే.