కూడాలా... తీసెయ్యాలా?

"అమ్మా, ఈ లెక్కకి కూడాలా, తీసెయ్యాలా?"

బడికెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ సాయంత్రం పూట వినిపించే ప్రశ్న ఇది. పొయ్యి మీద కూర కలుపుతూనే "తీసెయ్యి" అంటాం. వాడు తీసేస్తాడు. జవాబు సరిపోతుంది, హోంవర్కు అయిపోతుంది, అందరికీ హాయి! కానీ ఒక్కసారి ఆలోచించి చూడండి. ఆ లెక్కలో అసలు కష్టమైన పని ఏది? ఏం చెయ్యాలో తేల్చుకోవడమే కదా! ఆ పని కాస్తా మనం చేసిపెట్టేశాం. ఇక వాడికి మిగిలింది వట్టి చాకిరీ.

పాతికేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలు సైతం నాలుగు వాక్యాల లెక్క ఇచ్చేసరికి బిక్కమొహం వెయ్యడం ఎన్నిసార్లు చూశానో! "మా వాడికి లెక్కలు రావండీ" అని బాధపడే తల్లులకి నేను చెప్పేది ఒకటే. చాలామంది పిల్లలకి లెక్కలు వచ్చు. ఆలోచించే అవకాశమే వాళ్ళ దాకా రావడం లేదు.

కెప్టెన్ వయసెంత?

1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకి ఒక తమాషా లెక్క ఇచ్చారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని. గొర్రెలకీ కెప్టెన్ వయసుకీ ఏమిటి సంబంధం? అయినా 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక లెక్క కట్టి జవాబు రాసేశారు.

మన పిల్లలేం చేస్తారోనని నేనూ ఆరో తరగతిలో ఇలాంటిదే ఇచ్చి చూశాను. "రంగమ్మ దగ్గర 12 కోళ్ళు, 5 బాతులు ఉన్నాయి. రంగమ్మ వయసెంత?" చాలామంది ఠక్కున 17 అని రాశారు. ఒక పిల్ల మాత్రం 60 అని రాసింది. "నీకు అరవై ఎలా వచ్చిందే?" అని అడిగాను. "రంగమ్మ అంటే పెద్దావిడ కదా టీచర్! పదిహేడు మరీ తక్కువని గుణించాను" అంది. క్లాసంతా నవ్వింది గానీ, నిజానికి ఆ రోజు కాస్తయినా ఆలోచించింది ఆ పిల్లే!

ఎందుకిలా జరుగుతుంది? పుస్తకంలో అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒక జవాబు ఉండి తీరుతుందనీ, ఇచ్చిన అంకెలన్నీ వాడెయ్యాలనీ పిల్లలు తమంతట తామే ఒక సూత్రం పెట్టేసుకుంటారు. దానికి తోడు 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలినవి' అంటే తీసివేత అని మనం నేర్పే కిటుకులొకటి. "లక్ష్మి 5 మామిడిపళ్ళు తినగా 8 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?" అని మీ ఇంట్లో అడిగి చూడండి. 'మిగిలాయి' అన్న మాట కనబడగానే ఎనిమిదిలోంచి ఐదు తీసేసి, మూడు అనే పిల్లలు తప్పకుండా ఉంటారు.

కొబ్బరికాయలమ్మే కుర్రాడు

తెలివి లేక ఇలా చేస్తారనుకుంటే పొరపాటే. 1985లో వెలువడిన ఒక పరిశోధన గురించి చెబుతాను. బ్రెజిల్ దేశంలోని రెసిఫే నగరంలో బజార్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల్ని పరిశీలించారు. కొబ్బరికాయలమ్మే పన్నెండేళ్ళ కుర్రాడిని "కాయ 35 అయితే పదికాయలు ఎంత?" అనడిగారు. పక్కన సున్నా పెట్టేస్తే సరిపోతుందని మనం అంటాం. వాడు మాత్రం "మూడింటికి 105, ఇంకో మూడింటికి 210, ఇంకా నాలుగు కావాలి... 315... 350" అని తేల్చాడు. దారి పొడుగైనా జవాబు తప్పలేదు. ఆ పిల్లలు బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అలాంటి లెక్కలే కథ లేకుండా వట్టి అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరిపోయాయి!

మన దేశంలోనూ అంతే. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బేరంలో చిల్లర చకచకా లెక్కగట్టే పిల్లలు పుస్తకం లెక్కల దగ్గర తడబడ్డారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలేమో బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. బజారు తెలివి బజార్లోనే, బడి తెలివి బడిలోనే ఆగిపోతున్నాయన్నమాట. ఈ రెంటికీ మధ్య వంతెన ఎవరు వెయ్యాలి? టీచర్లు వెయ్యాలి, నిజమే. కానీ ఇంట్లో అమ్మ వేసినంత తేలిగ్గా ఇంకెవరూ వెయ్యలేరు.

నాలుగు ప్రశ్నలు చాలు

హంగరీలో పుట్టిన జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రజ్ఞుడు 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అనే చిన్న పుస్తకం రాశాడు. ఏ సమస్యకైనా ఆయన చెప్పినవి నాలుగు మెట్లు. సమస్యని అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, ఆ ప్రకారం చెయ్యడం, చివర్లో వెనక్కి తిరిగి చూసుకోవడం. వాటిని మనింటి మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

ఒకటి: "ఇందులో ఏం అడిగారు? అంకెలు చెప్పకుండా కథలాగా నాకు చెప్పు."

రెండు: "ఎలా చేద్దామంటావు? బొమ్మ వేసి చూస్తావా? పెద్ద అంకెలు తీసేసి చిన్నవి పెట్టి చూస్తావా? ఇలాంటిది ఇంతకు ముందు ఎప్పుడైనా చేశావా?"

మూడు: "సరే, చెయ్యి." ఇక్కడ మనం నోరు మెదపకూడదు.

నాలుగు: "ఈ జవాబు నిజంగా కుదురుతుందా?"

ఈ నాలుగోదాన్నే అందరూ వదిలేస్తారు. 1983లో అమెరికాలో ప్రకటించిన జాతీయ పరీక్ష ఫలితాలు చూడండి. బస్సుకి 36 మంది సైనికుల చొప్పున 1,128 మందికి ఎన్ని బస్సులు కావాలని పదమూడేళ్ళ పిల్లల్ని అడిగారు. నూటికి 70 మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులని రాసింది నూటికి 23 మందే! 29 మంది '31 బస్సులు, శేషం 12' అని రాసి ఊరుకున్నారు. మరి ఆ పన్నెండు మందీ నడిచి వెళ్ళాలా? పెళ్ళివారికి బస్సులు మాట్లాడిన వాళ్ళెవరూ ఈ తప్పు చెయ్యరు.

"నాకేం వచ్చునని చెప్పను?"

మా బళ్ళో చదివిన ఒకమ్మాయి గురించి చెప్పాలి. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పిల్ల తొమ్మిదిలో లెక్కలు తప్పుతూ వస్తోంది. టెన్త్ కాగానే చదువు మాన్పించి మిషను మీద కూర్చోబెడదామని ఇంట్లో అనుకుంటున్నారు. "నేను ఐదుతో ఆపేశాను, నాకేం వచ్చునని చెప్పను టీచర్?" అంది ఆ తల్లి. "నువ్వేం చెప్పొద్దు. రోజూ రెండు లెక్కలు, నీకు అర్థమయ్యేదాకా దాని చేత చెప్పించుకో" అన్నాను.

ఒక రోజు రెండు మీటర్ల గుడ్డలో, జాకెట్టుకి 80 సెంటీమీటర్ల చొప్పున, ఎన్ని జాకెట్లొస్తాయన్న లెక్క వచ్చిందట. పిల్ల రెండున్నర అంది. తల్లి కుట్టు ఆపి "ఆ సగం జాకెట్టు ఎవరు తొడుక్కుంటారే?" అంది. పిల్ల పకపకా నవ్వి, రెండని దిద్దుకుంది. చూశారా! బస్సుల లెక్కలో మిగిలినవాళ్ళ కోసం ఇంకో బస్సు వెయ్యాలి. జాకెట్ల లెక్కలో మిగిలిన ముక్కని పక్కన పెట్టెయ్యాలి. భాగహారం రెంటిలోనూ ఒకటే. తేడా చెప్పాల్సింది బుర్రే. ఆ సంగతి ఐదుతో ఆపేసిన అమ్మకి బాగా తెలుసు.

అమ్మకి చెబుతూ చెబుతూ మధ్యలోనే తన తప్పు తానే పట్టుకోవడం ఆ పిల్లకి అలవాటైంది. గొప్ప మార్కులేం రాలేదు గానీ టెన్త్ పాసైంది. ఇంటర్లో చేరింది. మిషను అమ్మ దగ్గరే ఉంది.

కాస్త ఆగండి

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో ఒక విషయం గమనించింది. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారట! దాన్ని మూడు సెకన్లు చేసేసరికి పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. ఇంట్లో మనకి గంట కొట్టే భయం లేదు. కాబట్టి మనసులో పది లెక్కపెట్టుకోండి. ఈ రోజుల్లో ఫోనుతో లెక్కని ఫొటో తీస్తే చాలు, జవాబు మెట్లతో సహా వచ్చేస్తోంది. మనం పొయ్యి దగ్గర్నుంచి "తీసెయ్యి" అన్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. జవాబు సరి చూసుకోవడానికైతే ఫోను మంచిదే. ముందు పిల్లని ప్రయత్నించనివ్వండి.

ఇంట్లోనే ఎన్నో దారులు

లెక్కల పుస్తకమే అక్కర్లేదు. కొట్లో పావుకిలో ప్యాకెట్టు కొనాలా, కిలోది కొనాలా, ఏది లాభమో పిల్లల్నే తేల్చమనండి. పొద్దున్న ఆరింటి బస్సు అందుకోవాలంటే ఎన్నింటికి లేవాలో వెనక నుంచి లెక్కగట్టమనండి. సెలవుల్లో పులి-మేక ఆడండి. మూడు పులుల్ని పదిహేను మేకలు కట్టెయ్యాలంటే ఎత్తు ముందే చూడాలి. "ఆ మేకని అక్కడెందుకు పెట్టావు?" అని అడగడం మాత్రం మరిచిపోకండి. వారానికొకసారి పిల్లల్నే లెక్క తయారుచేసి మిమ్మల్ని అడగమనండి. మీకు చిక్కువెయ్యాలని వాళ్ళు ఎంత ఆలోచిస్తారో!

ఇంకో మాట. కొట్టుకి కొడుకుని పంపి, గిన్నెలు కూతురికి అప్పజెప్పే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బేరం, చిల్లర, బ్యాంకు ఫారం ఇవన్నీ బుర్రకి పదునుపెట్టేవే. అవి ఆడపిల్లకి దక్కకుండా చేసి, ఆ తర్వాత "ఆడపిల్లలకి లెక్కలు రావు" అనడం ఏం న్యాయం?

పిల్లల్లో ఆలోచనాశక్తి, సమస్యల్ని పరిష్కరించే నేర్పు పెంచాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. మంచిదే. అది మన పిల్లల క్లాసుదాకా వచ్చేలోగా మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. పరీక్షల రోజుల్లో, అలసిపోయిన రోజుల్లో ఇవన్నీ కుదరవు. రోజుకి ఒక్క లెక్క, పోనీ వారానికి రెండు చాలు. జవాబు మీ నాలుక చివరిదాకా వస్తుంది. మింగెయ్యండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి, మీ కూర మీరు కలుపుకోండి.