నీటిపై ఎగిరే పలక: మలుపు నేర్చుకొనేవారికి తగిన రెక్క

ముక్త్యాల రేవు నుండి మాదిపాడుకు కృష్ణను దాటించిన బల్లకట్టును జగ్గయ్యపేట ప్రాంతపువారు ఎరుగుదురు. అది నీటిని తొలగించి తేలే సాధనం. తొలగిన నీటి బరువెంతో అంత బరువును నీరు మోస్తుందన్న ఆర్కిమిడీస్ సూత్రానికి అంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు. ఇక మరొక సాధనాన్ని ఊహించండి. నిలిచి ఉన్నప్పుడు అదీ బల్లకట్టు వలెనే తేలుతుంది. కాని వేగం అందుకొనగానే నీటిని పూర్తిగా విడిచి, మూరెడు ఎత్తున గాలిలో ప్రయాణం చేస్తుంది. దాని అడుగున ఒక నిలువు కంబం, ఆ కంబం కొసన నీటిలో మునిగి ఒక రెక్క ఉంటాయి. పలకపై నిలిచిన మనిషి చేతులతో ఇంకొక రెక్కను గాలికి పట్టుకొంటాడు. ఈ క్రీడ పేరు వింగ్ ఫాయిలింగ్.

నీటి రెక్క కొత్తది కాదు. ఇటలీ దేశీయుడు ఫోర్లానినీ 1906లో మజ్జోరే సరస్సుపై అటువంటి పడవను నడిపాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్, ఆయన సహచరుడు బాల్డ్విన్ నిర్మించిన పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. చేత పట్టుకొనే గాలి రెక్క మాత్రం ఇటీవలిది. హవాయిలోని మావీ ద్వీపంలో కెన్ విన్నర్ రూపొందించిన, గాలి నింపే రెక్క 2019 ప్రాంతాన అమ్మకానికి వచ్చిన తరువాతనే ఈ క్రీడ దేశదేశాలకు ప్రాకింది.

కొన్నాళ్ల అభ్యాసంతో తిన్నగా ఎగరడం చాలమందికి పట్టుబడుతుంది. చిక్కంతా మలుపు దగ్గర వస్తుంది. పలక నీటిని తాకకుండా గాలివాలుకు తిరిగి, వచ్చిన వైపుకు మరలాలి. అక్కడ పడిపోయేవారు తప్పు తమ కాళ్లదే అనుకొంటారు. తరచు తప్పు రెక్కది.

కారణం లెక్కలోనే ఉన్నది. రెక్క పైకి ఎత్తే బలం నీటి సాంద్రత, రెక్క వైశాల్యం, వేగం యొక్క వర్గం, వీటన్నిటికీ అనులోమానుపాతంలో ఉంటుంది. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుచేతనే విమానానికి ఎన్నో చదరపు మీటర్ల రెక్క కావలసి ఉండగా, ఇక్కడ జానెడు వెడల్పు రెక్క మనిషిని మోస్తుంది. మనిషి, సామాను కలిపి 80 కిలోలు అనుకొందాం. రెక్క ఇవ్వగల ఉత్థాపక గుణకం 0.8 అనుకొందాం. 1500 చదరపు సెంటీమీటర్ల రెక్క ఈ బరువును మోయాలంటే సెకనుకు కనీసం 3.6 మీటర్ల వేగం కావాలి. 900 చ.సెం.మీ. రెక్కకు 4.7 మీటర్లు కావాలి. 2000 చ.సెం.మీ. రెక్కకు 3.1 మీటర్లు చాలు.

ఇది తిన్నగా పోయేటప్పటి మాట. సైకిలు తొక్కేవాడు మలుపులో లోపలికి ఒరుగుతాడు. ఆకాశంలో గద్ద కూడ రెక్క వాల్చి తిరుగుతుంది. పలకా అంతే. ఒరిగినప్పుడు ఎత్తే బలంలో కొంత భాగం మనిషిని మలుపు కేంద్రం వైపుకు లాగడానికి ఖర్చవుతుంది. మిగిలినదే బరువు మోయాలి. 30 డిగ్రీలు ఒరిగితే రెక్కకు 80 కిలోలు 92 కిలోలుగా తోస్తాయి. కనీస వేగం 1500 చ.సెం.మీ. రెక్కకు 3.9కు, 900 చ.సెం.మీ. రెక్కకు 5 మీటర్లకు పెరుగుతుంది.

ఇంతలో వేగం తగ్గడం మొదలవుతుంది. ఆషాఢమాసపు పడమటి గాలిలో జగ్గయ్యపేట నుండి నందిగామకు సైకిలుపై పోయే కుర్రవాడికి, తన వేగం గాలి వేగానికి సమానమైనప్పుడు అసలు గాలియే లేదనిపిస్తుంది. మలుపు నడుమ పలకపైనున్నవాని స్థితి అదే. సెకనుకు 8 మీటర్ల గాలి వీస్తుండగా అతడు 6 మీటర్ల వేగంతో గాలివాలుకు పోతుంటే, చేతిలోని రెక్కకు తగిలేది 2 మీటర్ల గాలి మాత్రమే. బలం వేగవర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నిలిచి ఉన్నప్పటి లాగుడులో అది పదహారవ వంతు. 6 మీటర్ల వేగంలో 30 డిగ్రీలు ఒరిగి తిరిగితే మలుపు వ్యాసార్థం 6.4 మీటర్లు, అర్ధవృత్తం 20 మీటర్లు. ఆ మూడు సెకనులు చాలవరకు చేతిలో ఉన్న వేగంతోనే జారవలసి ఉంటుంది. మలుపు చివరకు వేగం 4.5 మీటర్లకు దిగినదనుకొంటే, 900 చ.సెం.మీ. రెక్క అప్పటికే మనిషిని నీటిలో పడవేసి ఉంటుంది. 1500 చ.సెం.మీ. రెక్కకు ఇంకా కొంత మిగులు ఉన్నది.

అట్లయితే 2000 రెక్కనే కొనవచ్చు గదా అని విద్యార్థి అడగవచ్చు. మొదటిసారి పైకి లేవడానికి అది మంచిదే. కాని నీటి నిరోధం ఎక్కువ కావడంచేత జారుడులో వేగం త్వరగా పోతుంది. గాలి పెరిగినప్పుడు అదే రెక్క మనిషిని కావలసిన దానికంటె పైకి ఎత్తి, నీటి నుండి బయటపడి, ఒక్కసారిగా కూలుతుంది. మొత్తం బరువు 60 కిలోలే అయినవారికి ఇదే నిష్పత్తిలో 1125 చ.సెం.మీ. సరిపోతుంది.

వైశాల్యంకంటె మోసం చేసేది పొడవు. ఒకే 1500 చ.సెం.మీ. వైశాల్యం గల రెండు రెక్కలలో ఒకటి 80 సెం.మీ., రెండవది 110 సెం.మీ. పొడవు అనుకోండి. సన్నని పొడవు రెక్క నిరోధం తక్కువగా ఉండి చాల దూరం జారుతుంది. అంగడివారు పొగిడే గుణమిదే. కాని ప్రక్కకు ఒరగడానికి అది చూపే ప్రతిఘటన పొడవు వర్గాన్ని అనుసరించి దాదాపు రెట్టింపు. నేర్చుకొనేవారు దానిని ఒరిగించడానికి పెనుగులాడి, అది ఒరిగేసరికి తాము పడతారు. రెక్క మధ్యభాగం 35 సెం.మీ. లోతున ఉన్నప్పుడు 30 డిగ్రీలు ఒరిగితే, పొట్టి రెక్క కొస 20 సెం.మీ. లేచి ఇంకా 15 సెం.మీ. నీటిలోనే ఉంటుంది. పొడవుదానికి మిగిలేది 7.5 సెం.మీ. చిన్న అల చాలు, కొస గాలిని పీల్చి బలం తెగిపోవడానికి. కనుక మలుపుకు మధ్యరకపు రెక్క, సుమారు 80 నుండి 90 సెం.మీ. పొడవుది, మంచిది.

ఈ లెక్కనుబట్టే కంబం కొలత తేలుతుంది. తొలిపాఠాలకు వాడే 60 సెం.మీ. కంబం 30 డిగ్రీలు ఒరిగినప్పుడు దాని నిలువు కొలత 52 సెం.మీ. మాత్రమే. పలకకు, రెక్కకు మధ్య చోటు చాలదు. 75 నుండి 85 సెం.మీ. కంబం తీసుకోవాలి. ముందు రెక్కకు, తోక రెక్కకు నడుమనున్న వెన్నుబద్ద పొట్టిదైతే త్వరగా తిరుగుతుంది, పొడవైతే ముందువెనుకల ఊగిసలాట తక్కువ. ఇక్కడ కూడ నడిమి కొలతే మేలు.

పలకను చిన్నది చేయాలన్న తొందర మాత్రం తగదు. ఒక మధ్యాహ్నంలో ముప్పైసార్లు పడేవారు ముప్పైసార్లు లేవాలి. 95 లీటర్ల పలక 95 కిలోల నీటిని తొలగించగలదు. పైన 80 కిలోలు ఉంటే 15 మిగులు, మోకాళ్లపై నిలదొక్కుకోవచ్చు. 60 లీటర్ల పలక మనిషితో సహా మునుగుతుంది. అది నేర్చినవారి వస్తువు. గాలి రెక్క విషయంలో సలహా వేరు. 6 చదరపు మీటర్ల రెక్కను తలపైనుండి ఒక చేతినుండి రెండవ చేతికి మార్చేటప్పుడు దాని కొస నీటికి తగులుతుంది. గాలి కొంచెం గట్టిగా ఉన్న రోజు చూసుకొని 5 చదరపు మీటర్లది వాడాలి. విడివిడి పిడులకంటె, చేతులు జార్చుకోగల పొడుగాటి కర్రపిడి ఉన్నది నయం. తలకు శిరస్త్రాణం, ఒంటికి దెబ్బను ఆపే తేలుచొక్కా తప్పనిసరి. నీటి రెక్క అంచు కత్తివంటిది. పడేటప్పుడు పలకను పట్టుకోక దూరంగా పడాలి. మొదటి మలుపులకు 15 డిగ్రీల ఒరుగు చాలు, వ్యాసార్థం 13.7 మీటర్లకు పెరుగుతుంది, అందుకు తగిన చోటు కావాలి.

2022లో కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంతంలో అంత నీరు ఎక్కడున్నదని అడిగితే, నందిగామ ప్రక్కనున్న మునియేరు కాదని చెప్పాలి. వేసవిలో అది ఇసుకతిన్నెల నడుమ పాయలుగా చీలుతుంది. మోకాటిలోతు నీటిలో 80 సెం.మీ. కంబం తిన్నెకు తగిలితే పలక ఆగుతుంది, మనిషి ఆగడు. వరదలో అయితే ప్రవాహమే మనిషిని కొట్టుకొనిపోతుంది. పాలేరు సంగతీ అంతే. ముక్త్యాల, వేదాద్రి వద్ద కృష్ణ వెడల్పైనదే గాని, అడుగున రాళ్లెక్కడ, లోతెంత అన్నది గెడతో కొలిచి చూడనిదే రెక్కను దింపరాదు; కనీసం నిలువెత్తు నీరు ఉండాలి, రక్షణకు మరొక పడవ దగ్గరనే ఉండాలి.