వ్యాధి లెక్క – ఒప్పంద కొలువు: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎపిడమియాలజిస్టుల విధులు

(ప్రత్యేక వ్యాసం)

నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు శాస్త్రీయంగా నమోదు చేసి ఎనిమిది దశాబ్దాలు కావస్తున్నది. నిజాం పాలన చివరి సంవత్సరాలలో, 1940వ దశకంలో జరిగిన పరిశీలనలు, అనంతరం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ జిల్లా పేరును ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కించినవి. ఇట్టి వ్యాధిని లెక్కించి, అదుపు చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. ఎంపికైన ప్రతి జిల్లాకు ఒక కన్సల్టెంటు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, ముగ్గురు క్షేత్ర పరిశోధకులు ఉండాలని అందులో నిర్దేశించారు. క్షేత్ర పరిశోధకుల నియామక కాలం ఆరు నెలలు మాత్రమే.

ప్రజారోగ్య రంగంలో ఇది వింత కాదు. జిల్లాలలో వ్యాధుల లెక్క చూసే నిపుణులు ఏడాది ఒప్పందంపైననో, ప్రాజెక్టు కాలానికి మాత్రమేననో నియమితులు కావడం పరిపాటి. వీరు చేసే పని ఏమిటి, కాలపరిమితి ఆ పనికి ఎక్కడ అడ్డు వస్తున్నది, ఎక్కడ రాలేదు అన్న విషయాలను పత్రికా రచయితలు, జిల్లా, మండల అధికారులు తెలుసుకొనుట అవసరం.

ఎపిడమియాలజిస్టును తెలుగులో సాంక్రమిక వ్యాధి నిపుణుడు అని వ్రాస్తున్నారు. ఈ అనువాదం కొంత తప్పుదారి పట్టించేది. ఫ్లోరోసిస్ అంటువ్యాధి కాదు. రాతి పొరల నుండి భూగర్భ జలంలోకి దిగిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి త్రాగినందువలన పళ్లు గోధుమ రంగుకు తిరగడం, వెన్ను బిగుసుకుపోవడం, కాళ్లు వంకర పోవడం జరుగుతుంది. అయినను అది ఎపిడమియాలజిస్టు పరిధిలోనిదే. వైద్యుడు తన ముందుకు వచ్చిన రోగిని చూస్తాడు. ఎపిడమియాలజిస్టు ఆసుపత్రికి రానివారిని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు వచ్చినది, పక్క వీధివారికి ఎందుకు రాలేదు అన్న ప్రశ్నలే అతని పనిముట్లు. లండన్‌లో 1854లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను ఇంటింటి వారీగా గుర్తించి, ఒక వీధి పంపు నీరే మూలమని తేల్చిన పద్ధతి ఇదే.

వారం వారం నిఘా

2004 నవంబరులో ప్రపంచ బ్యాంకు సహాయంతో సమగ్ర వ్యాధి నిఘా పథకం ప్రారంభమైనది. ఐ.డి.ఎస్.పి.గా వ్యవహరించే ఈ పథకపు తొలి దశలోనే నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేరినది. ఉపకేంద్రంలోని ఎ.ఎన్.ఎం. లక్షణాలను బట్టి ఎస్ ఫారంలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి తన రోగ నిర్ధారణను బట్టి పి ఫారంలోను, ప్రయోగశాల పరీక్షా ఫలితాన్ని బట్టి ఎల్ ఫారంలోను వారానికొకసారి నివేదించే విధానం అప్పుడు ఏర్పడినది. జిల్లా కేంద్రంలో రెగ్యులర్ ఉద్యోగి అయిన సర్వైలెన్స్ అధికారికి తోడుగా ఎపిడమియాలజిస్టును, డేటా మేనేజరును ఒప్పందంపై తీసుకొనుట ఆచారమైనది. కాగితపు ఫారాల స్థానంలో ఆన్‌లైన్ వేదికను 2018 నవంబరు 26న ఏడు రాష్ట్రాలలో ప్రవేశపెట్టగా, వాటిలో తెలంగాణ కూడా ఉన్నది. 2021 ఏప్రిల్ 5 నుండి అది దేశమంతటికీ విస్తరించినది.

ఈ మూడు ఫారాల తేడా పత్రికలకు ముఖ్యం. ఎస్ ఫారంలో జ్వరం అని నమోదైన వందమందీ డెంగీ రోగులు కారు. ఎల్ ఫారంలోకి రాని డెంగీని డెంగీ అని శీర్షిక పెట్టుట వలన గ్రామంలో కలిగే కలవరం చిన్నది కాదు. అదే విధంగా, ఎల్ ఫారంలో లేదు కనుక వ్యాధి లేదని అధికారులు ప్రకటించుట కూడా సరికాదు. నమూనా తీయనిచోట ఫలితం ఉండదు.

ఒక గ్రామంలో వాంతులు, విరేచనాలు ప్రబలినట్లు ఉదయం కబురు వచ్చినదనుకొందాం. తరచుగా ఆ కబురు మొదట ఆశా కార్యకర్తకో, ఊరిలోని ఆర్.ఎం.పి.కో తెలుస్తుంది. ఎపిడమియాలజిస్టు అక్కడికి చేరి ముందుగా పేరు, వయస్సు, వాడ, లక్షణాలు మొదలైన తేదీ, గంటలతో రోగుల పట్టిక వ్రాయించును. తరువాత ఎవరు ఏ నీరు త్రాగినారో విచారించును. ఉదాహరణకు, ఒక నల్లా లైను నీరు త్రాగిన 200 మందిలో 40 మందికి, బోరింగు నీరు త్రాగిన 150 మందిలో ముగ్గురికి వ్యాధి వచ్చినట్లయితే, మొదటివారిలో నూటికి 20 మంది, రెండవవారిలో నూటికి ఇద్దరు జబ్బుపడినట్లు. ప్రయోగశాల ఫలితం రాకముందే వేలు ఏ వైపు చూపవలెనో తెలిసిపోతుంది. ఆ లైను వెంట నడిచి, మురుగు కాలువలో మునిగిన వాల్వు గుంతనో, పగిలిన పైపునో వెదకుట మిగిలిన పని.

ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటి కలదు. కబురు అందిన వెంటనే పంచాయతీ సిబ్బంది ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపివేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ తరువాత తీసిన నీటి నమూనా శుభ్రంగా ఉన్నట్లు తేలును, కారణం తెలియకుండా పోవును, పగిలిన పైపు అట్లే ఉండును. నమూనా తీయడానికి పది నిమిషాలు చాలును. ముందు సీసాలు నింపి, వెంటనే క్లోరినేషన్ చేయుట ఉభయ తారకం. ఈ చిన్న విషయమై గ్రామ కార్యదర్శికి నచ్చచెప్పగలుగుటకు ఎపిడమియాలజిస్టుకు ఆ ఊరితో కొంత పరిచయం అవసరం. కొత్తగా చేరిన వ్యక్తికి అదే ఉండదు.

ఏడాది ఒప్పందం, ఋతువుల లెక్క

జాతీయ ఆరోగ్య మిషన్ కింద పోస్టులు వార్షిక కార్యాచరణ ప్రణాళికతో ముడిపడి ఉంటాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగియును. కొనసాగింపు ఉత్తర్వులు ఆలస్యమైనచో ఆ ఖాళీ ఏర్పడేది ఏప్రిల్, మే మాసాలలో. నీటి ఎద్దడి, ట్యాంకర్లు, వడదెబ్బ, ఆ వెంటనే తొలకరి వానలతో కలుషిత జలాలు – నిఘా అత్యవసరమైన రోజులు సరిగ్గా అవే.

వ్యాధి పెరిగినదని చెప్పవలెనన్న, గత సంవత్సరాలలో ఇదే వారంలో ఎన్ని కేసులు ఉండెనో తెలియవలెను. ఏడాది కొలువులో ఉన్న వ్యక్తి ఒక్కొక్క ఋతువును ఒక్కసారే చూచును. మిగిలినది పూర్వపు ఉద్యోగి విడిచి వెళ్లిన రికార్డు మీదనే ఆధారపడవలెను.

పాలమూరు వలసలు ఈ లెక్కను మరింత జటిలం చేస్తున్నవి. గుంపు మేస్త్రీల వెంట ముంబయి, పుణె, బెంగళూరు వంటి నగరాల పనులకు తరలివెళ్లే కుటుంబాలు దశాబ్దాలుగా ఉన్నవి. పనుల కాలంలో సర్వేకు వెళ్లినచో ఇళ్లలో వృద్ధులు, పిల్లలే కనిపిస్తారు. పండుగకు అందరూ తిరిగి వచ్చిన రోజులలో వెళ్లినచో ఊరి జనాభా మారిపోవును. వెయ్యి మందికి ఎన్ని కేసులు అనునప్పుడు, ఆ వెయ్యి మంది ఆ నెలలో ఊరిలో ఉన్నారా అన్నది ప్రశ్న. ఏ తండా ఏ నెలలో ఖాళీ అగునో ఏ మార్గదర్శక సూత్రాలలోను వ్రాసి ఉండదు, అది ఎ.ఎన్.ఎం.కు తెలుసు, ఆమెను అడిగిన ఎపిడమియాలజిస్టుకు తెలుసు. అతడు వెళ్లిపోయినచో ఆ తెలివిడి కూడా వెళ్లిపోవును.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ మరొక చిక్కును తెచ్చినది. 2011 జనాభా లెక్కల నాటికి 64 మండలాల మహబూబ్‌నగర్ జిల్లాలో 40.53 లక్షల మంది, 59 మండలాల నల్లగొండ జిల్లాలో 34.88 లక్షల మంది ఉండిరి. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరైనది. షాద్‌నగర్ రంగారెడ్డిలోనికి, కొడంగల్ వికారాబాద్‌లోనికి పోయినవి. ఫ్లోరైడ్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే మండలాలలో మర్రిగూడ, మునుగోడు నల్లగొండలోనే ఉండగా, చౌటుప్పల్ యాదాద్రి భువనగిరికి చేరినది. కనుక 2012 నాటి నల్లగొండ సంఖ్యను 2022 నాటి నల్లగొండ సంఖ్యతో పోల్చి వ్యాధి తగ్గినదనుట గాని, పెరిగినదనుట గాని తగదు. మండలాల వారీ పాత రికార్డు ఉన్నచోట మాత్రమే ఆ పోలిక సాధ్యం.

తాత్కాలికమైనా నిలిచిన పనులు

స్వల్పకాలిక నియామకాలన్నీ వ్యర్థమని భావించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 1997లో ఏర్పడిన జాతీయ పోలియో నిఘా ప్రాజెక్టులో సర్వైలెన్స్ వైద్యాధికారులు ఒప్పందంపై పనిచేసినవారే. బిడ్డకు అకస్మాత్తుగా కాలో చేయో పడిపోయినట్లు తెలిసినచో 14 రోజుల లోపల, కనీసం 24 గంటల వ్యవధితో రెండు మల నమూనాలు సేకరించుట, 60 రోజుల తరువాత బిడ్డను మరల చూచుట అన్న నియమం అధికారి మారినా మారలేదు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదు కాగా, 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరింపబడినది.

కోవిడ్ కాలంలో నల్లగొండ మరొక ఉదాహరణకు వేదికైనది. 2020 మే, జూన్ మాసాలలో భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 70 జిల్లాలలో తొలి సీరో సర్వే నిర్వహించినది. తెలంగాణ నుండి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలు ఎంపికైనవి. జిల్లాకు పది ప్రాంతాలు, ప్రాంతానికి 40 మంది చొప్పున రక్త నమూనాలు సేకరించవలెనన్నది ప్రణాళిక. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బృందాలు రాష్ట్ర ఆరోగ్య శాఖ సహకారంతో ఈ పని చేసినవి. బృందాలు గ్రామంలో ఉన్నది కొద్ది గంటలే. అయినను అవే మూడు జిల్లాలలో మరల మరల సర్వే జరిపినందున, రాష్ట్రంలో యాంటీబాడీలు ఉన్నవారి శాతం 2020 మేలో 0.33, డిసెంబరులో 24.1, 2021 జూన్‌లో 60.1 అని చెప్పుట సాధ్యమైనది. జిల్లాలు మారలేదు, పద్ధతి నిలిచినది.

అమెరికాలో 1951లో ప్రారంభమైన ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీసు రెండేళ్ల కొలువే. చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థలో 2001 నుండి, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంలో 2012 నుండి అదే కోవలో శిక్షణలు నడుస్తున్నవి. అయితే అక్కడ రెండేళ్లు అన్నది శిక్షణ కొరకు ఏర్పరచిన గడువు. పైన మార్గదర్శి ఉండును, ముగింపులో వ్రాతపూర్వక నివేదిక తప్పనిసరి. జిల్లా ఒప్పందంలోని ఏడాది బడ్జెట్ నుండి వచ్చిన గడువు. ఈ రెంటినీ ఒకే గాట కట్టుట పొరపాటు.

అందుచేత ఒప్పందం ముగిసే ఎపిడమియాలజిస్టు నుండి కంప్యూటరు, గుర్తింపు కార్డు మాత్రమే స్వాధీనం చేసుకొనుట సరిపోదు. విచారణ జరిపిన ప్రతి సంఘటన రోగుల పట్టిక, గ్రామ పటం, నీటి వనరుల వివరాలు, వలస మాసాల గుర్తులు, సమాచారం ఇచ్చే ఆర్.ఎం.పి.లు, ఇటుక బట్టీల జాబితా కార్యాలయ రికార్డులో చేరవలెను. వ్యక్తిగత ఫోనులో, వ్యక్తిగత ఈ-మెయిల్‌లో ఉన్న పట్టిక కార్యాలయానిది కాదు. వారం రోజులపాటు పాత, కొత్త ఉద్యోగులు కలిసి పనిచేసే ఏర్పాటు ఉన్నచో మరింత మేలు.

ఫ్లోరోసిస్ విషయంలో ఈ రికార్డు అవసరం ఇప్పుడే ఏర్పడినది. పంటి పింగాణీ పొర తయారగు కాలంలో బిడ్డ త్రాగిన నీటి ప్రభావం శాశ్వత దంతాలపై మచ్చలుగా మిగులును. ముందు పళ్లకు ఆ కాలం పుట్టిన కొద్ది నెలల నుండి నాలుగైదేళ్ల వరకు; అవి మొలచేది ఆరు నుండి ఎనిమిదేళ్ల వయస్సులో. అనగా ఎనిమిదేళ్ల పిల్లవాని పళ్లు నేటి నీటిని కాక, అయిదారేళ్ల క్రిందటి నీటిని చూపును. ఫ్లోరోసిస్ కార్యక్రమంలో 6 నుండి 11 ఏళ్ల బడి పిల్లల పళ్లను పరీక్షించుటకు కారణం ఇదే.

2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీ జలాలు తరువాతి సంవత్సరాలలో ఈ గ్రామాలకు చేరినవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితిని మించిన బోరు నీటి స్థానంలో నల్లా నీరు వచ్చిన తరువాత, 2018 ప్రాంతంలో పుట్టిన పిల్లలకు శాశ్వత దంతాలు మొలచుట 2024, 2026 సంవత్సరాల మధ్య. నీరు మారినందువలన వ్యాధి ఎంత తగ్గినదో, ఇంకను ఏ వాడలో బోరు నీరే త్రాగుతున్నారో ఈ పిల్లల నోరు చూచి చెప్పవచ్చును. పోల్చవలసినది మాత్రం భగీరథకు ముందు ఆరు నెలల ఒప్పందంపై వచ్చిన క్షేత్ర పరిశోధకులు అవే బడులలో తరగతుల వారీగా వ్రాసిన పట్టికలతో. ఆ పట్టికలు ఏ బీరువాలో, ఏ జిల్లా కార్యాలయంలో ఉన్నవో నాలుగు అధికారులు ముందుగా విచారించవలసియున్నది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులు, గ్రామీణ నీటి సరఫరా అధికారి.