నగరంలో ఒక పూట

పరాయి ఊరికి వెళ్ళినవారు అక్కడి వింతలన్నీ వెతికి చూస్తారు. సొంత ఊరిలో ఉన్నవారు రేపు చూడవచ్చునులే అని ఊరుకొంటారు. హైదరాబాదులో పుట్టి పెరిగి కూడా చార్మినారు, గోలకొండ కోట, సాలార్‌జంగ్ ప్రదర్శనశాల తప్ప మరేదీ చూడనివారు ఎందరో ఉన్నారు. ఈ మూడూ తప్పక చూడవలసినవే. కాని నాలుగు శతాబ్దాలు దాటిన నగర చరిత్ర మూడు కట్టడాలలో ఇమిడేది కాదు. అది వంతెనల మీద, ఆసుపత్రి ఆవరణలలో, కళాశాల తోటలలో, రాకపోకలు తక్కువైన గుట్టల మీద చెదరి ఉన్నది. దానిలో కొంత భాగాన్నైనా తెలిసినవారి వెంట వెళ్ళి చూడటానికి ఒక పూట చాలు.

ఇటువంటి పర్యటనను వారసత్వ యాత్ర అంటారు. పదిహేను ఇరవై మంది ఒక మార్గదర్శి వెంట బయలుదేరి, నాలుగైదు స్థలాలను నెమ్మదిగా చూస్తారు. ఉదయం ఆరున్నరకు మొదలుపెడితే ఎండ ముదిరేలోగా ముగించవచ్చు. ఎక్కువ స్థలాలు చూడాలన్న ఆత్రం ఇక్కడ పనికిరాదు. ఒక్కొక్క చోట అరగంటైనా నిలిచి, అడిగి తెలుసుకోవడమే ఈ యాత్రకు ప్రాణం. హైదరాబాదులో మూసీనదిని ఆధారం చేసుకొని అటువంటి యాత్ర ఒకటి ఎలా సాగుతుందో చూద్దాం.

మొదటి మజిలీ పురానాపూల్. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో మూసీపై కట్టించిన వంతెన ఇది. హైదరాబాదు నిర్మాణం 1591లో జరిగింది. అంటే నగరం కంటె వంతెన పదమూడేళ్ళు పెద్దది. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతి కోసం వరద పొంగుతున్న నదిని దాటాడనీ, అది తెలిసిన తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. మంచి మార్గదర్శి ఆ కథను చెప్పి అంతటితో ఊరుకోడు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజు వయస్సు సుమారు పదమూడేళ్ళని గుర్తుచేస్తాడు. గోలకొండకు నది ఆవలి ఒడ్డుతో రాకపోకలు, వర్తకం పెరగడం వంతెనకు అసలు కారణమై ఉంటుందని వివరిస్తాడు. కథను ఆనందిస్తూనే కాలాన్ని లెక్కవేయడం విద్యార్థి ఇక్కడ నేర్చుకొంటాడు.

నది వెంట తూర్పుగా వెళితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ వస్తుంది. అక్కడ ఒక పాత చింతచెట్టు ఉన్నది. రోజూ వందలాది మంది దాని పక్కగా నడిచిపోతారు. 1908 సెప్టెంబరు 28న మూసీనది మహోగ్రంగా పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వరదలో దాదాపు 15,000 మంది మరణించారని అంచనా. రుబాయీలకు పేరుపొందిన ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆనాడే కోల్పోయాడు. ఆ విపత్తు తరువాత నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనలను అనుసరించి నగరానికి ఎగువన జలాశయాలు కట్టారు. గండిపేట చెరువుగా జనం పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. తరతరాల నగరవాసులు తాగిన నీటి వెనుక ఇంతటి దుఃఖం ఉన్నదని ఆ చెట్టు నీడన నిలిచినప్పుడు బోధపడుతుంది.

నయాపూల్ మీదుగా నది దాటితే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చేరువలోనే ఉంటుంది. మొహర్రం దినాలలో పీరులను నిలిపి, కర్బలా అమరులను స్మరించే పవిత్ర స్థలమిది. చార్మినారు వెలసిన కొద్ది సంవత్సరాలకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని కట్టించాడు. లోపలి గోడలపై నీలం, పసుపు మొదలైన రంగుల మెరుగు పలకలతో కూర్చిన చిత్రరచన కన్నులపండువుగా ఉంటుంది. అయితే గోడల పైభాగంలో ఉన్న మెరుపు కిందిభాగంలో అంతటా కనిపించదు. కింద అనేక చోట్ల పలకలకు బదులు రంగులతో వేసిన అనుకరణ చిత్రాలే ఉన్నాయి. చింతచెట్టు దగ్గర విన్న 1908 వరద ఇక్కడికీ వచ్చింది. రోజుల తరబడి నిలిచిన నీటికి కింది పలకలు పాడైపోయాయి. ఎవరూ చెప్పకపోతే ఈ తేడా మన కంట పడదు. చెప్పిన తరువాత ఆ గోడ ఒక చరిత్ర పుటవలె చదువుకోవడానికి వీలిస్తుంది.

మళ్ళీ ఉత్తరపు ఒడ్డుకు వచ్చి కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీకి వెళ్ళాలి. ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ కిర్క్‌పాట్రిక్ పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో కట్టించిన భవనమిది. ఆయన హైదరాబాదు ప్రభువంశీకుల బిడ్డ ఖైరున్నీసాను వివాహమాడాడు. పరదా పాటించే ఆమె ముంగిట నిలిచి భవనాన్ని చూడలేదు గనుక, దాని చిన్న నమూనాను తోటలో కట్టించాడని జనశ్రుతి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ప్రజలు ఈ రెసిడెన్సీపైనే దాడి చేశారు. 1949 నుంచి ఇది మహిళా కళాశాలగా ఉండి, తరువాత విశ్వవిద్యాలయమై, నేడు వీరనారి చాకలి ఐలమ్మ పేరును ధరించింది. కంపెనీ అధికారానికి చిహ్నంగా వెలసిన చోట ఆడపిల్లలు పట్టభద్రులవుతున్నారు. శిథిలమైన దర్బారు మందిరం ఏళ్ళ తరబడి సాగిన కృషితో పునరుద్ధరణ పొందింది.

అక్కడినుంచి మలక్‌పేట దిశగా సాగితే కిర్క్‌పాట్రిక్‌కు ప్రత్యర్థి పక్షమైన ఫ్రెంచివారి సేనాని రేమండ్ సమాధి ఒక గుట్టపై కనిపిస్తుంది. నిజాం అలీఖాన్ కొలువులో సైన్యాలను తీర్చిన రేమండ్ 1798లో మరణించాడు. అదే సంవత్సరం ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేయడంలో కిర్క్‌పాట్రిక్ ముఖ్యపాత్ర వహించాడు. రేమండ్ అన్న పేరు పలకలేక జనం అతనిని మూసారాం అనీ, మూసా రహీం అనీ పిలుచుకొన్నారు. మూసారాంబాగ్ అన్న పేరు అలా ఏర్పడింది. నల్లరాతి స్తంభం చెక్కుచెదరక నిలిచినా, పక్కనున్న మండపం 2001లో వానలకు కూలిపోయింది. తరువాత దానిని తిరిగి కట్టారు.

చివరి మజిలీ సంతోష్‌నగర్ సమీపంలోని పైగా సమాధులు. నిజాములతో వియ్యమందిన పైగా ప్రభువుల కుటుంబాలవారు ఇక్కడ శాశ్వతనిద్రలో ఉన్నారు. సున్నపు గచ్చుతో తీర్చిన లతలు, పూలు, ఒకదానిని పోలిన నమూనా మరొక దానిలో లేదేమో అనిపించే జాలీలు చూపరులను నిలువరిస్తాయి. ప్రభువుల పేర్లు శిలలపై ఉన్నాయి. ఇంతటి పనితనం చూపిన శిల్పుల పేర్లు మాత్రం లోకానికి తెలియవు.

ఈ ఆరు స్థలాలనూ చూసినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. పాత కట్టడానికి వాన, వరద ఎంత శత్రువులో ప్రజల ఉపేక్ష కూడా అంతే శత్రువు. పేరు తెలియని చెట్టును కొట్టివేసినా, కథ తెలియని గోడను పడగొట్టినా అడిగేవారుండరు. తెలిసినవారు పదిమంది ఉంటే అడిగే గొంతులు పది ఉంటాయి. మన సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. ఆ విధి నిర్వహణకు మొదటి మెట్టు తెలుసుకోవడమే.

యాత్రకు వెళ్ళేవారు కొన్ని నియమాలు పాటించాలి. ప్రార్థనా స్థలాలలో అక్కడి మర్యాదను అనుసరించాలి. ఆసుపత్రి ఆవరణలో రోగులకు ఇబ్బంది కలిగించరాదు. విద్యాసంస్థలలోకి ముందుగా అనుమతి పొందాలి. గోడలపై పేర్లు గీయడం, పలకలను చేతితో తడమడం కూడదు. విన్నదానిని ఆ రోజే రాసి పెట్టుకోవాలి.

ఇటువంటి యాత్రకు మహానగరమే ఉండనక్కరలేదు. పూడిపోతున్న దిగుడుబావి, గుడి ముందరి శాసనం, స్వాతంత్ర్యానికి పూర్వం వెలసిన గ్రంథాలయం, వాడుక తప్పిన రేవు ప్రతి ఊరిలోనూ ఏదో ఒకటి ఉంటుంది. వాటి సంగతులు చెప్పగల వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. విద్యార్థులు సెలవురోజు ఒక పూట వారిని వెంటబెట్టుకొని తిరిగి, వారు చెప్పినదానిని పుస్తకాలతో సరిచూసి భద్రపరచాలి. మరుసటి సంవత్సరం చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వారే మార్గదర్శులు కాగలరు.